ఇద్రిస్ ఒప్పుకున్న తప్పు

సంగతి ఎక్కడ ఆగిందో గుర్తున్నవాళ్లు ఈ నాలుగు ముక్కలూ దాటేసి ముందుకు పోవచ్చు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

మాది కలకత్తా దగ్గరి బహడూలో మోవా మిఠాయిలు కట్టే మోదక్‌ల ఇల్లు. నేను ఆ ఇంటి కోడలు అణిమని. కనకచూర్ వడ్ల పేలాలు, ఈత బెల్లం, కాస్త నెయ్యి కలిపి ఉండ కడితే మోవా. చలి ఉన్నన్నాళ్లే మా బేరం, మిగతా ఏడాదంతా దాని మీదే బతుకు. పేలాలు ఎవరైనా వేయిస్తారు, ఉండలు ఎవరైనా కడతారు. కిటుకంతా బెల్లంలో ఉంది. ఆ బెల్లం మంచిచెడ్డలు తేల్చేది మా అత్తగారు నిస్తారిణి ముక్కు. మార్గశిరంలో తొలి బెల్లం వచ్చిన రోజున ఆవిడ వాకిట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. ఈత చెట్లు గీసేవాళ్లు కుండలు తెచ్చి వరసగా పెడతారు. ఒక్కో కుండలోంచి ఒక చుక్క ఎడమ చేతి వెనక వేసుకుని, వాసన చూసి, నాలుకకి తాకించి, "లోపల పెట్టు" అంటే ఆ బెల్లం మాది. ఆవిడ అలా అన్నవాడి బెల్లాన్ని సంతలో కూడా ఇంకెవరూ పరీక్ష పెట్టరు. కళ్లు మూసుకుని కొంటారు.

ఈ ఏడు అదే పీట మీద కూర్చుని, ఇద్రిస్ గాజీ కుండలోంచి చుక్క తీసి చూసి, అత్తయ్య ఒకటే మాట అంది. "చక్కెర కలిపావు." చెట్టు గీసేవాణ్ణి దొంగ అన్నా నవ్వేసి ఊరుకుంటాడు. ఈ మాట మాత్రం పడడు. మా ఆయన పుట్టకముందు నుంచీ మా ఇంటికి బెల్లం పోస్తున్న మనిషి ఇద్రిస్. వాకిలి నిండా జనం. ఆయన అత్తయ్య మొహంలోకి చాలాసేపు చూశాడు. తరవాత తల వంచుకుని, "అవును వదినా, కలిపాను" అన్నాడు. కుండలు కావడికెత్తుకుని వెళ్లిపోయాడు.

ఇంతవరకూ మీకు తెలుసు. మీకు తెలియనిది నేను ఆ సాయంత్రం చేసిన పని. పీట కడగబోతే దాని అంచున ఇద్రిస్ కుండ నుంచి జారిన బెల్లం ఒక చారలా అంటుకుని ఉంది. చుట్టూ ఎవరూ లేరు. వేలితో తీస్తే పోయేదే, నేను ఏకంగా పీటెత్తి నాకేశాను. అంత మంచి బెల్లం ఈ ఇంటికొచ్చాక నేను తినలేదు. చక్కెర కలిపిన బెల్లం గొంతులో గరగరలాడుతుంది, తీపి ముందుకొచ్చి వాసన వెనక్కి పోతుంది. ఇదేమో మింగాక కూడా ముక్కులో నిలబడి ఉంది. మరి నిజాయితీపరుడు చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకున్నాడు? మర్నాడంతా ఆలోచించి ఆలోచించి తల వాచిపోయింది. ఆ మర్నాడు పొద్దున్నే పాలు కాచి, పేలాలు జల్లెడ పట్టే పని తోటికోడలి మీద పడేసి, మంచులోనే ఇద్రిస్ పాకకి బయల్దేరాను.

ఆవ చేల గట్టు దాటగానే పొగ కనిపించింది. నేలలో తవ్విన గాడి పొయ్యి మీద వెడల్పాటి పెనంలో నీరా మరుగుతోంది. ఇద్రిస్ చాచా కొబ్బరి చిప్ప గరిటెతో నురగ తీస్తున్నాడు. ఆయన భార్య సొఫురా చాచీ ఎండిన ఈతాకులు పొయ్యిలోకి ఎగదోస్తోంది. నన్ను చూసింది. చూడనట్టు మొగుడి వైపు తిరిగింది.

"మోదక్‌ల ఇంటి నుంచి ఎవరో వచ్చినట్టున్నారు. చక్కెర బస్తా ఎక్కడ దాచామో వెతుక్కోమను."

"ఊరుకోవే" అన్నాడు చాచా. "రా కోడలమ్మా. అటు పొగ కొడుతుంది, ఇటొచ్చి కూర్చో."

"కూర్చోడానికి రాలేదు చాచా. అడగడానికొచ్చాను. ఎందుకు అబద్ధం చెప్పావు?"

"నేనేం అబద్ధం చెప్పాను?"

"చక్కెర కలిపానన్నావు."

"కలిపాను కాబట్టే కలిపానన్నాను."

"పీట మీద ఒలికింది నేను తిన్నాను. అది జిరేన్ బెల్లం. నా దగ్గరే దాస్తావా?"

చెట్టుని గీసి, మూడు రోజులు దాని మానాన దాన్ని వదిలేసి, మళ్లీ గీసిన తొలి రాత్రి దిగే నీరాతో వండిందే జిరేన్. అలసట తీరిన చెట్టు ఇచ్చేది. దాంట్లో చక్కెర కలిపేవాడు పాలలో బురద కలిపేవాడితో సమానం.

సొఫురా చాచీ ఆకులు ఎగదోయడం ఆపేసింది. "పీట మీద ఒలికింది ఎలా తిన్నావు?"

"నాకాను."

"పీట నాకావా? మోదక్‌ల కోడలివి అయ్యుండి?" ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు నిండిపోయాయి. "విన్నావా? పీట నాకిన పిల్లకి తెలిసింది. ఒకే మంచం మీద పడుకునేదానికి నాకు మాత్రం నువ్వు చెప్పవు. నిన్న సంతలో మన కుండ మూత ఒక్కడు తీశాడా? మా తమ్ముడే మొహం తిప్పుకుని పోయాడు. చెట్లవాళ్లు కబుర్ల మీద కబుర్లు, మా చెట్లు దిగిపో, మా చెట్లు దిగిపో అని. ఈ చలి దాటాక ఏం గీస్తావు, నా తల గీస్తావా?"

విషయం అంతదాకా పోయిందని నాకు అప్పుడే తెలిసింది. చెట్లు ఇద్రిస్‌వి కావు. ఊళ్లోవాళ్లవి. బెల్లంలో వాళ్ల వంతు వాళ్లకి పోసి గీసుకుంటాడు. చక్కెర కలిపేవాడని పేరు పడ్డవాడికి చెట్టు ఎవరిస్తారు? చెట్టు లేకపోతే ఇద్రిస్ ఎవరు?

"చాచా, ఇప్పుడైనా చెప్పు. చెప్పకపోతే నేనే సంతలో నిలబడి, పీట నాకిన సంగతి కూడా కలిపి చెప్తాను."

ఆయన గరిటె పక్కన పెట్టాడు.

"మీ అత్త మంచి బెల్లం వాసన చూసినప్పుడు ఎడమ కనుబొమ్మ కొంచెం లేస్తుంది. నువ్వు చూశావా?"

"లేదు."

"నేను చూశాను. ప్రతి ఏడూ దాని కోసమే చూస్తాను. నోటితో చెప్పకముందే నాకు తెలిసిపోతుంది. మొన్న చుక్క ముక్కు దగ్గర పెట్టుకుంది. కనుబొమ్మ లేవలేదు. చెడ్డ బెల్లానికి ముడుచుకుంటుంది, అలా ముడుచుకోనూ లేదు. మొహం ఉన్నది ఉన్నట్టు ఉంది. నా ముందు కుండ, ఆ మైజుద్దీన్‌ది, అడుగంటింది. మాడు వాసన నాకు ఇక్కడికి కొడుతోంది. దాన్ని 'లోపల పెట్టు' అంది. అప్పుడే అనుమానమొచ్చింది. నా దాన్ని చక్కెర అనేసరికి తేలిపోయింది. ఆవిడకి వాసన పోయింది కోడలమ్మా. పూర్తిగా పోయింది."

ఆశ్వయుజంలో అత్తయ్యకి వారం రోజులు జ్వరం కాసింది. ఆ తరవాత ఒకరోజు అన్నం మాడిపోతుంటే పొయ్యి ముందే కూర్చుని జపమాల తిప్పుకుంటోంది. నేను పరుగెత్తుకొచ్చి దించితే, "చూస్తూనే ఉన్నా, మాడనీ అని" అని నా మీదే ఎగిరింది. ఆవిడ ఎప్పుడూ అంతేలే అనుకున్నాను.

"నేను కలపలేదు అని ఉంటే?" అన్నాడు చాచా. "వాకిలి నిండా జనం. ఇంకొకరు చుక్క నాలిక మీద వేసుకుని చూస్తారు. ఇద్రిస్ బెల్లం బంగారం అంటారు. మరి నిస్తారిణి ఏమైనట్టు? ముక్కు పోయిన ముసలిది అయిపోతుంది, అందరి ముందూ, ఆ పీట మీదే. నా చేత్తో ఆ పని చెయ్యమంటావా?"

"మరి నీ పేరు?"

"నా పేరు ఆవిడ ఇచ్చిందే."

చాచా మళ్లీ గరిటె అందుకుని నురగ తీస్తూ చెప్పాడు.

"మా నాన్న పోయిన ఏడు నాకు కత్తి పట్టడం కూడా సరిగ్గా రాదు. లోతుగా గీసేశాను. ఇంట్లో తిండి లేదు, చెట్టుకి సెలవెక్కడిది? రోజూ గీశాను. పులిసిన నీరా వండితే ఏమొస్తుంది, ఎర్రగా, జిగురుగా, అదో రకం కంపు. ఏ మోదక్ గడపా ఎక్కనివ్వలేదు. ఆఖర్న మీ ఇంటికొచ్చాను. మీ అత్త అప్పుడు కొత్త కోడలు. పీట మీద కూర్చోబెట్టడం అదే మొదలు. ఊరంతా చూస్తోంది, కుర్రది ఏం తేలుస్తుందో అని. నా చుక్క నాలిక మీద వేసుకుంది. నా మొహంలోకి చూసింది. 'లోపల పెట్టు' అంది. నాకే నమ్మకం కుదర్లేదు. తరవాత పెరటి గుమ్మం దగ్గరికి పిలిచి, 'ఇది బెల్లం కాదు, నీకూ తెలుసు నాకూ తెలుసు. చెట్టు కూడా బాలింత లాంటిదే. మూడు రోజులు లేపకు' అంది. అంతే. ఆ మాట అనకపోయి ఉంటే ఆ ఏడే కత్తి పారేసి కలకత్తాలో రిక్షా లాగేవాణ్ణి. ఈ చెట్లూ లేవు, ఈ పొయ్యీ లేదు, ఈవిడా లేదు."

"చూశావా" అంది చాచీ ముక్కు ఎగబీలుస్తూ. "పొయ్యి తరవాత చెప్పాడు నన్ను."

నాకు ఆ మనిషి కాళ్లకి దండం పెట్టాలనిపించింది. ఇంట్లో ఇన్నేళ్లుగా నన్ను 'పట్నం ముక్కుదానా, నీకు సబ్బు వాసన తప్ప ఏదీ పట్టదు' అని సాధించే అత్తగారి మీద కూడా, నిజం చెప్పొద్దూ, మొదటిసారి గుండెలో నుంచి ప్రేమ పొంగింది. ఆవిడ చేసిన మంచి ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. నాకే కాదు, ఇంట్లో ఎవరికీ తెలియదు.

అప్పుడే గట్టు మీద వ్యాన్ రిక్షా గంట వినిపించింది. తెల్లచీర కొంగు తల మీద బిగించుకుని, చేతికర్ర ముందు పెట్టి దిగింది అత్తయ్య. ఆవిడ ఇద్రిస్ పాకకి రావడం నేనెన్నడూ చూడలేదు. బెల్లమే ఆవిడ దగ్గరికి వస్తుంది కానీ ఆవిడ బెల్లం దగ్గరికి పోదు. నన్ను చూసి, "నువ్వూ ఇక్కడే ఏడ్చావా, మంచిదయింది, రెండోసారి చెప్పే పని తప్పింది" అని, చాచీ పరిచిన ఈతాకుల చాప మీద కూలబడింది.

"ఇద్రిస్, నీకు అబద్ధమాడ్డం చేతకాదురా."

చాచా లేచి నిలబడ్డాడు. "ఏంటి వదినా ఇంత చలిలో."

"కూర్చో. నేను ఆడలేదు అబద్ధం. ఒట్టు. జ్వరం తగిలిందగ్గర్నుంచి ఏదీ సరిగ్గా తెలియట్లేదు. జలుబనుకున్నాను. బెల్లం వచ్చే నాటికి పోతుందనుకున్నాను. మైజుద్దీన్ చుక్కలో కాస్త చేదు తగిలితే బెల్లమే అనుకున్నాను. నీ చుక్క నాలిక్కి తగిలితే ఒట్టి తీపి. ఇంకేం లేదు. ఈత వాసన లేని ఈత బెల్లం ఉంటుందా ఎక్కడైనా? చక్కెరే అనుకున్నాను. అన్నాను. నువ్వు కాదని నా మీదకి ఎగిరి ఉంటే, ముసలోడికి దొంగబుద్ధి పుట్టిందని ఇప్పటికీ అనుకుంటూ ఉండేదాన్ని. 'కలిపాను' అన్నావు చూడు. అక్కడ దొరికిపోయావు. నిజంగా కలిపినవాడు ఒప్పుకుంటాడా? ఇంటికెళ్లి ఇంగువ డబ్బా తీశాను. కర్పూరం తీశాను. కిరసనాయిలు సీసా మూత తీసి ముక్కుకి ఆనించుకున్నాను. గోడని వాసన చూసినట్టుంది."

పెనంలో నురగ తెలుపు పోయి ఎరుపెక్కుతోంది.

"నా పరువు కాపాడ్డానికి నీ పరువు తీసిచ్చావు" అంది అత్తయ్య. "నా కడుపున పుట్టినవాళ్లు కూడా ఇంత చెయ్యరు." అని రెండు చేతులూ జోడించింది. దేవుడి గదిలో తప్ప ఆ చేతులు కలవడం నేనెన్నడూ చూడలేదు.

"చేతులు దించు వదినా. పాపం నాకు చుట్టుకుంటుంది." చాచా రెండడుగులు వెనక్కి వేశాడు. "తొలి ఏడు నువ్వు నా కోసం చేసింది ఇదే కదా."

"ఆ తొలి ఏడు బెల్లమా? ఆ కంపు నాకింకా గుర్తే. అదొక్కటి మాత్రం పోలేదు." అత్తయ్య మూతి తిప్పింది. "మా మామగారు ఆ ఏడంతా దాన్ని హుక్కా పొగాకులో కలుపుకున్నారు. పీల్చినప్పుడల్లా దగ్గుతూ, ఏం కోడలే నాయనా, ఏం ముక్కే నాయనా అని నన్ను తిట్టేవారు."

చాచీ పకపకా నవ్వింది. చాచా, కొంగు లేని మగాడు కనక, గళ్ల తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాచీ పెనంలోంచి చిక్కబడుతున్న వేడి రసం కొబ్బరి చిప్పలోకి తీసి, ఇవ్వాలా వద్దా అన్నట్టు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. భర్త పోయిన నాటి నుంచి అత్తయ్య, పీట మీద రుచి చూసే ఆ చుక్క పక్కన పెడితే, తన పొయ్యి మీద ఉడికింది తప్ప ఎవరింటా ముట్టదు. మా పుట్టింట్లో మంచినీళ్లు కూడా తాగలేదు.

"ఏంటి చూస్తావు సొఫురా, ఇటియ్యి. వాసన ఎలాగూ లేదు, వేడన్నా తగలనీ."

రెండు చేతులా అందుకుని ఊదుకుంటూ తాగింది. ఆ ఒక్క గుక్కకీ చాచీ కోపమంతా కరిగిపోయింది. నిన్న సంతలో పడ్డ అవమానాన్ని ఎవరో చేత్తో తుడిచేసినట్టు మొహం తేటపడింది.

"ఇప్పుడు వినండి" అంది చిప్ప కింద పెట్టి. "రేపు సంతలో నిలబడి చెప్తాను. నా ముక్కు చచ్చింది, ఇద్రిస్ బెల్లంలో మచ్చ లేదు అని."

"వద్దు వదినా. అలా అంటే మోదక్‌ల బెల్లం మాట ఇంకెవరు నమ్ముతారు? మీ కొట్టు పోతుంది."

"అదే అడుగుతారు. సరేనమ్మా, మరి ఇప్పుడు మీ ఇంట్లో బెల్లం చూసేదెవరు అని. దానికి జవాబు లేకుండా నేను సంతకి పోలేను. పోయి చెప్పానా, నీ పేరు నిలబడుతుంది, నా ఇల్లు కూలుతుంది. చెప్పలేదా, నా ఇల్లు నిలబడుతుంది, నువ్వు కూలతావు. రెండూ నిలబడాలంటే నాకో ముక్కు కావాలి."

అని నా వైపు తిరిగింది.

"ఏమే పట్నం ముక్కుదానా. పీట నాకావుగా."

"మీకెవరు చెప్పారు?"

"కిటికీలోంచి చూశాను. నాకేటప్పుడు నీ మొహం కూడా చూశాను. ముక్కు పోయింది కానీ కళ్లు పోలేదు నాకు." కర్ర ఆనుకుని లేచి పెనం దగ్గరికి వచ్చింది. "ఇది మోవాలకి దించాలి. అచ్చుల్లో పోసే గట్టి బెల్లం కాదు, పేలాలకి పట్టే జారుడు బెల్లం. ఎప్పుడు దించాలో నువ్వు చెప్పు. ఇద్రిస్, నువ్వు నోరు మూసుకో."

పేలాలు చెరగడం, జల్లించడం, వేడి వేడి ఉండలు కట్టి అరచేతులు బొబ్బలెక్కించుకోవడం. ఈ ఇంట్లో ఇంతవరకూ నా పని అది. పాకం దగ్గరికి నన్నెవరూ రానివ్వలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు తప్పు చెబితే ఒక పెనం బెల్లం పోవడం కాదు, ఇద్రిస్ పేరు పోతుంది. పెనం మీదకి వంగాను. ముందు పచ్చి ఆకు వాసన. కాసేపటికి అది పోయి మరిగిన పాల వాసన. పెద్ద పెద్ద బుడగలు లేస్తున్నాయి, టపటపా పగులుతున్నాయి. నాకు కావలసింది ఇంకా రాలేదు. కళ్లు మూసుకున్నాను. పొగ, చలి, చాచీ ఊపిరి, అన్నీ పక్కకి నెట్టాను. అప్పుడు వచ్చింది. పీట అంచున నాకినప్పుడు ముక్కులో నిలబడిపోయిందే, అదే.

"దించండి" అన్నాను.

"ఇంకా లేదమ్మా" అన్నాడు చాచా. ఆపుకోలేకపోయాడు పాపం. "నీళ్లు తీరలేదు. ఇంకో పొంగు రావాలి. ఇప్పుడు దించితే రెండు రోజుల్లో పులుస్తుంది. నా మాట విను వదినా, చిన్నపిల్ల, తెలియదు."

"దించండి" అన్నాను మళ్లీ. "ఇంకో పొంగు వస్తే ఆ వాసన పోతుంది."

చాచీ తడిగుడ్డలు రెండు చేతులా పట్టుకుని, ఎవరి మాట వినాలో తెలియక అత్తయ్య మొహం చూసింది. అత్తయ్యకి ఆ పాకలో ఏ వాసనా తెలియదు. ఒక పక్క జీవితమంతా పాకం తిప్పిన మనిషి మాట, ఇంకో పక్క నా మాట. ఎటు తూచాలన్నా ఆవిడ దగ్గర తూకం రాయి లేదు.

"సొఫురా" అంది. "నా కోడలు దించమంటోంది."

పెనం దిగింది. చాచా గరిటె ముంచి పైకెత్తి, అంచు నుంచి జారే ధార చివరి చుక్క దాకా చూశాడు. చిప్పలో పోసుకుని చల్లార్చి నోట్లో వేసుకున్నాడు. ఆయన ఎడమ కనుబొమ్మ కొంచెం లేచింది. మా ముగ్గురిలో ఎవరి వైపూ చూడకుండా, గరిటె రెండోసారి ముంచాడు.